ముడతల మందు పిల్లవాడి పిక్కలకెందుకు?

పోయిన ఏడాది మన సంఘానికి వచ్చిన అర్జీల్లో ఒకదాని మీద కమిటీలో కొంచెం గట్టిగానే మాటలు నడిచాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడేళ్ళ పిల్లవాడికి రెండు పిక్కల్లోనూ బోటాక్స్ ఇంజెక్షన్లు చేయించాలని వాళ్ళ అమ్మ సాయం అడిగింది. "అదేంటండీ మాస్టారూ, సినిమావాళ్ళు ముడతలు పోవడానికి పొడిపించుకునేది కదండీ? దానికి మన జకాత్ సొమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన అడిగింది తప్పు కాదు. ఆ రోజు మేము సగం జవాబే చెప్పగలిగాం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం.

బోటాక్స్ అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. మందు అసలు పేరు బొటులినమ్ టాక్సిన్. టాక్సిన్ అంటే విషమే. గాలి సోకకుండా, సరిగా నిల్వ చేయని ఆహారంలో పెరిగే ఒక సూక్ష్మజీవి దీన్ని పుట్టిస్తుంది. 1895లో బెల్జియంలోని ఒక పల్లెలో, అంత్యక్రియలకు వచ్చిన వాద్యబృందం నిల్వ మాంసం తిని జబ్బుపడింది. ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలోంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ క్రిమిని వేరుచేసి చూపారు. మాట వచ్చింది కనుక చెబుతున్నాం: ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. పుట్టగానే నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. తేనెలో ఈ క్రిమి బీజాలు ఉండవచ్చు, పసిబిడ్డ పేగులు వాటిని ఆపలేవు.

విషం మందుగా ఎలా పనిచేస్తుంది? మన లొల్ల లాకులు చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. లాకు తలుపు దించితే పైన కాలువ నిండుగానే ఉంటుంది, కింది పొలానికి మాత్రం నీరు రాదు. నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం బిగుస్తుంది. ఈ మందు అక్కడ తలుపు దించుతుంది. నరం తెగిపోదు, కండరం చచ్చిపోదు, ఆ ఒక్క కండరం వదులవుతుంది అంతే. కొద్ది రోజుల్లో గుణం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకు నరం తిరిగి దారి చేసుకుంటుంది, బిగువు మళ్ళీ వస్తుంది.

పెద్దాయన తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ మందు ముందు వైద్యంలోకి వచ్చింది, అందం తరవాత. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని వాడి, 1980లో ఫలితాలు ప్రకటించారు. 1989లో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకూ, రెప్పలు అదేపనిగా మూసుకుపోయే జబ్బుకూ అనుమతి ఇచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో ఈ రెప్పల జబ్బుకు సూది వేయించుకున్నవారి కనుబొమల మధ్య ముడతలు పోవడం కరూథర్స్ దంపతులు గమనించారు. అందానికి అనుమతి వచ్చింది 2002లో. మెడ ఒక పక్కకు తిరిగిపోయేవారికి, పక్షవాతం తరవాత చెయ్యి ముడుచుకుపోయినవారికి, వదలని పార్శ్వపు తలనొప్పికి కూడా దీన్ని వాడుతున్నారు. 2016లో ఇదే జాతి మందు ఒకదాన్ని రెండేళ్ళు దాటిన పిల్లల కాళ్ళ బిగువుకు అమెరికా ఆమోదించింది. మలేసియా జాతీయ ఫత్వా మండలి కూడా 2006లో అందం కోసం వద్దని చెబుతూనే వైద్యానికి మినహాయింపు ఇచ్చింది.

ముడతల సంగతి మాకు పెద్దగా పట్టదు. ఎవరి ముఖం వారిది. కానీ బ్యూటీ పార్లర్‌లో మాత్రం వేయించుకోకండి. మందు పక్కకు పాకితే రెప్ప వాలిపోవచ్చు, మింగడం, ఊపిరి తీయడం కూడా కష్టం కావచ్చు. మోతాదు తెలిసిన డాక్టరు చేతిలోనే ఉండాల్సిన సూది ఇది.

ఇక మా పిల్లవాడు. మునివేళ్ళ మీద నడుస్తాడు, మడమ నేలకు ఆనదు. వాడి మెదడుకు తగిలిన దెబ్బను ఏ ఇంజెక్షనూ మాన్పలేదు. కానీ ఎముక పెరుగుతూ ఉంటే బిగుసుకున్న పిక్క దానితో సమానంగా సాగదు. అలాగే వదిలేస్తే కండరం పొట్టిగా గిడసబారిపోతుంది. అప్పుడు సూది పనిచేయదు, ఆపరేషనే దిక్కు. సూది వేశాక దొరికే ఆ మూడు నెలల్లో రోజూ పిక్క సాగదీయాలి, మడమ ఆనించి నిలబెట్టాలి, కాలికి పట్టీ కట్టాలి. అసలు వైద్యం అదే. సూది దానికి సందు ఇస్తుంది, అంతే.

మేము పొరపడింది అక్కడే. ఇంజెక్షన్ ఖర్చు సంఘం ఇచ్చింది, ఫొటో తీశాం, రసీదు రాశాం. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు వాడపల్లి నుంచి రావులపాలెం వెళ్ళాలి. తల్లి పూతరేకులు చుట్టే కూలీ. వెళ్ళిన రోజు కూలీ పోతుంది, ఆటోకు ఎదురు ఖర్చు. మూడు వారాలు తీసుకెళ్ళి మానేసింది. నాలుగో నెలలో వాడు మళ్ళీ మునివేళ్ళ మీదే బడికి వచ్చాడు. "మీరు ఇచ్చింది పాడు చేశానండి మాస్టారూ" అని ఆవిడ తల దించుకుంది. పాడు చేసింది ఆవిడ కాదు. ఆ లెక్క మేము ముందే వేసి ఉండాల్సింది.

వాడి కండరం ఇంకా సాగుతోందని, ఇంకో విడత వేయవచ్చని డాక్టరు చెప్పారు. ఈసారి మండలంలోని భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వచ్చే రోజులు కనుక్కుని పెట్టాం. బడిలో మధ్యాహ్నం పావుగంట వాడిని నిలబెట్టే పని మాలో ఇద్దరం తీసుకున్నాం. కమిటీ ముందు పెట్టిన కాగితంలో సూది ధర కిందే పన్నెండు వారాల ఆటో ఖర్చు, కాలి పట్టీ, వాళ్ళ అమ్మ కోల్పోయే కూలీ కూడా రాశాం. మొదటి సంతకం ఆ పెద్దాయనదే.