పెన్ డ్రైవ్ కొనే ముందు: తిండి గింజ వేరు, విత్తన గింజ వేరు

పోయిన సంక్రాంతి సెలవులకు ముందు మన క్లబ్ వాళ్లం ఐదుగురం కలిసి జహీరాబాద్ చుట్టుపక్కల ఊర్లు తిరిగాం. అవ్వల దగ్గర కూర్చుని కలుపు పాటలు, విసుర్రాయి పాటలు, పెండ్లి పాటలు వీడియో తీశాం. మూడు రోజుల్లో అందరి ఫోన్లూ నిండిపోయాయి. సరేలే అని బస్టాండ్ దగ్గర ఒక బండి మీద పెన్ డ్రైవ్ కొన్నాను. దాని మీద 512 జీబీ అని రాసి ఉంది, ధర 350 రూపాయలు. "పనిచేస్తదా అన్నా?" అంటే "బరాబర్ చేస్తది తమ్మీ" అన్నాడు. లాప్‌టాప్‌కు పెట్టి చూస్తే అది కూడా దాదాపు అంతే జాగా ఉందని చూపించింది. దాదాపు 40 జీబీ వీడియోలు అందులో ఎక్కించి, ఫోన్లు ఖాళీ చేసుకున్నాం.

సెలవులయ్యాక తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి. మొదటి రోజు తీసినవి కొన్ని ఆడాయి. తర్వాతవి ఒక్కటీ తెరుచుకోలేదు. ఎడిటింగ్ చేద్దామని కూర్చున్నవాళ్లం అలాగే ఉండిపోయాం.

మళ్లీ ఆ ఊరికి పోయి, చివరి రోజు పాడిన అవ్వను కలిశాం. తిట్టలేదు, మళ్లీ పాడింది. కానీ ముందు పాడినవాటిలో రెండు పాటలు ఈసారి ఆమెకు గుర్తుకు రాలేదు. "మొన్న మీరు కూసున్నప్పుడు అట్ల వచ్చినయి బిడ్డా" అన్నది. ఆ రెండు పాటలూ ఇప్పుడు మా దగ్గర లేవు, ఆమె దగ్గరా లేవు.

అందుకే ఈ వ్యాసం. పెన్ డ్రైవ్ చిన్న వస్తువే, కానీ కొనేటప్పుడు ఐదు నిమిషాలు ఆలోచించాలి.

ఆ డ్రైవ్ లోపల ఏం జరిగింది?

పెన్ డ్రైవ్‌లో ముఖ్యంగా రెండు చిప్పులు ఉంటాయి. ఒకటి ఫ్లాష్ మెమరీ, డేటా ఉండేది అందులోనే. రెండోది కంట్రోలర్. "నా దగ్గర ఇంత జాగా ఉంది" అని కంప్యూటర్‌కు చెప్పేది ఈ కంట్రోలరే. కంప్యూటర్ దాని మాట నమ్ముతుంది, లోపలికి వెళ్లి లెక్కపెట్టదు. నకిలీ డ్రైవ్‌లలో ఈ కంట్రోలర్‌కు అబద్ధం నేర్పుతారు. మా డ్రైవ్‌లో అసలు ఉన్నది దాదాపు 8 జీబీ అని తర్వాత పరీక్షలో తేలింది.

మరి పేర్లు ఎలా కనిపించాయి? ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక సాధారణంగా డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది. ఆ భాగం నిజమైన మెమరీలో ఉంది కాబట్టి పట్టిక భద్రం. 8 జీబీ దాటాక రాసింది మాత్రం గాలిలో కలిసింది. కొన్ని నకిలీలు ఇంకా ఘోరం, కొత్తదాన్ని పాతదాని మీదే రాసేస్తాయి. పుస్తకంలో విషయసూచిక ఉండి లోపల పేజీలు లేనట్టు అన్నమాట. అందుకే కాపీ చేసేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

64 అని కొంటే 59.6 ఎందుకు?

ఇది మోసం కాదు, రెండు రకాల లెక్క. కంపెనీ లెక్కలో 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు గుణించి, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక జీబీ అంటుంది. కాబట్టి 64 జీబీ డ్రైవ్ దాదాపు 59.6గా, 32 జీబీ డ్రైవ్ దాదాపు 29.8గా కనిపిస్తాయి. ఇంకొంచెం అటూఇటూ అయినా కంగారు పడొద్దు.

మనకెంత కావాలి? నోట్స్ పీడీఎఫ్‌లు, పీపీటీలు, ల్యాబ్ రికార్డులు, ప్రోగ్రాములు అన్నీ కలిపినా నాలుగేళ్లకు 32 జీబీ చాలామందికి సరిపోతుంది. వీడియోలు తీసేవాళ్లకు 64 లేదా 128 కావాలి. 2000లో ఐబీఎం అమ్మిన తొలి పెన్ డ్రైవ్‌లో 8 ఎంబీ మాత్రమే ఉండేది. ఇప్పటి ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలకే అది నిండిపోతుంది!

స్పీడ్: డబ్బా మీది అంకె ఏం చెబుతుంది?

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే స్పీడ్ ఎక్కువగా రీడ్ స్పీడ్, అంటే డ్రైవ్ నుంచి చదివేది. మనకు విసుగు పుట్టించేది రైట్ స్పీడ్. చౌక డ్రైవ్‌ల డబ్బాల మీద దాన్ని చాలాసార్లు వేయరు.

లెక్క వేసి చూద్దాం. 8 జీబీ ఫోల్డర్‌ను సెకనుకు 8 ఎంబీ చొప్పున రాస్తే 1000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు. సెకనుకు 40 ఎంబీ అయితే మూడున్నర నిమిషాల లోపే. మీది పీడీఎఫ్‌ల పనే అయితే యూఎస్‌బీ 2.0 డ్రైవ్ చాలు. వీడియోలైతే యూఎస్‌బీ 3.0 తీసుకోండి. దీన్నే 3.1 జెన్ 1 అనీ, 3.2 జెన్ 1 అనీ పేర్లు మార్చి అమ్ముతారు. మూడూ ఒకటే, పేరు కొత్తదని ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇంకో మాట: 3.0 డ్రైవ్‌ను 2.0 పోర్టుకు పెడితే 2.0 స్పీడే వస్తుంది. చాలా లాప్‌టాప్‌లలో 3.0 పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది, చూసి పెట్టండి.

ఫోన్‌లోంచి నేరుగా ఎక్కించుకోవాలంటే ఒకవైపు టైప్-సీ, ఇంకోవైపు మామూలు యూఎస్‌బీ ఉన్న డ్రైవ్ కొనండి. ఆ రోజు మా దగ్గర అలాంటి అసలైన డ్రైవ్ ఒకటి ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ధర లెక్క

ధరను జీబీలతో భాగించండి. ఉదాహరణకు 32 జీబీ 320 రూపాయలైతే జీబీకి 10 రూపాయలు. 64 జీబీ 480 అయితే ఏడున్నర. సైజు పెరిగితే జీబీ ధర కొంచెం తగ్గడం మామూలే. కానీ పేరున్న కంపెనీలన్నీ దాదాపు ఒకే ధర దగ్గర ఉన్నప్పుడు, ఒకటి మాత్రం పదో వంతుకే దొరుకుతుంటే అది డిస్కౌంట్ కాదు, అబద్ధం. నేను కొన్నది జీబీకి 70 పైసలు కూడా పడలేదు. ఇంజినీరింగ్ చదువుతూ ఆ భాగహారం చేయలేదు చూడండి!

బిల్లు అడిగి తీసుకోండి. వారంటీ ఉన్నా ఒకటి గుర్తుంచుకోవాలి. వారంటీ కింద కొత్త డ్రైవ్ ఇస్తారు, పోయిన ఫైళ్లు ఇవ్వరు.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష

విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో అయితే ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఇవి డ్రైవ్‌ను పరీక్ష డేటాతో నింపి, తిరిగి చదివి, రెండూ సరిపోయాయా అని చూస్తాయి. ఖాళీ డ్రైవ్ మీదే చేయండి. 64 జీబీ డ్రైవ్ సెకనుకు 8 ఎంబీ చొప్పున రాస్తే నిండడానికే రెండు గంటలు దాటుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే సరి. పొద్దునకు తప్పు తేలితే, బిల్లు పట్టుకుని ఆ రోజే షాపుకు పోవచ్చు.

4 జీబీ దాటిన ఒక్క ఫైలు ఎక్కకపోతే డ్రైవ్ పాడైందని అనుకోకండి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే అంతకన్నా పెద్ద ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి అది కూడా మొదటి రోజే చేసుకోవాలి.

అవ్వ చెప్పిన మాట

రెండోసారి పోయినప్పుడు మా బాధ విని అవ్వ అడిగింది: "విత్తనాలు ఒక్క కుండల పెడ్తమా బిడ్డా? పురుగు పడితె?"

జహీరాబాద్ వాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇక్కడి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటల విత్తనాలను ఊరూరా దాచారు. మన దగ్గరే మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను నడిపిందీ ఈ మహిళలే. విత్తనమైనా గొంతైనా, దాచడం ఎలాగో తెలిసిన ప్రాంతం మనది.

అవ్వ మాటను పెన్ డ్రైవ్‌కు వర్తింపజేస్తే మూడు సంగతులు తేలాయి.

ఒకటి, తిండి గింజ వేరు, విత్తన గింజ వేరు. జిరాక్స్ షాపుకు, ల్యాబ్‌కు, ఫ్రెండ్ రూమ్‌కు తిరిగే డ్రైవ్ తిండి గింజ. ఎన్ని కంప్యూటర్లకు పెడితే అన్ని వైరస్‌లు అంటుకునే అవకాశం ఉంది, పోగొట్టుకునే అవకాశమూ ఉంది. అందులో ఆ రోజు ప్రింట్ తీయాల్సిన పీడీఎఫ్ మాత్రమే పెట్టండి. దాచుకునే డ్రైవ్ బయటికి తీయకండి.

రెండు, ఒక్క కుండలో పెట్టకండి. 128 జీబీది ఒకటి కొనే బదులు 32 జీబీవి రెండు కొనండి. ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి, 15 జీబీ వరకు ఉచితం. రెండో చోట తెరిచి చూసేదాకా మొదటి చోట డిలీట్ చేయొద్దు. మేం చేసిన అసలు తప్పు ఇదే. మంచి డ్రైవ్ కూడా ఏదో ఒక రోజు చెడిపోతుంది.

మూడు, విత్తనాన్ని మళ్లీ మళ్లీ వేయాలి. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే చిన్న చిన్న అరల్లో దాచిన విద్యుత్ ఆవేశం. ఏళ్ల తరబడి వాడకుండా పెడితే అది మెల్లగా కారిపోతుంది. ఏడాదికోసారి తెరిచి, ఫైళ్లు ఆడించి చూసి, కొత్తగా కాపీ చేసుకోండి.

ఇప్పుడు మా దగ్గర మిగిలిన పాటలు రెండు డ్రైవ్‌లలో, ఒక గూగుల్ ఖాతాలో ఉన్నాయి. ఆ 350 రూపాయల డ్రైవ్‌ను క్లబ్ రూమ్‌లో మేకుకు వేలాడదీశాం. జూనియర్లు ఎవరైనా ఇదేంటని అడిగితే ఆ రెండు పాటల సంగతి చెబుతాం.