సైకిలు మీద పనికి

కర్ణాటకలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న జిల్లా బీదరు. ఆ జిల్లా ఉత్తర భాగంలో ఉన్న గ్రామం కుశనూరు. 1956 నవంబరు 1 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఈ జిల్లా సంతల్లో ఏ మూల నిలబడినా కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు చెవిన పడుతూ ఉంటాయి. ఉల్లిగడ్డకు, జొన్నలకు నాలుగు పేర్లు వినిపించే ఆ సంతల్లో సైకిలుకు మాత్రం ఒకటే పేరు. పలకడంలో కొద్ది తేడా ఉన్నా సైకిలు అందరికీ సైకిలే.

ఇటువంటి ఊళ్ళో చదువు ముగించిన ఒక యువకుణ్ణి ఊహించుకోండి. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక దుకాణంలో లెక్కలు రాసే పని దొరికింది. ఉదయం తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి. బస్సు ఒకటి మరీ పెందలకడ వెళ్ళిపోతుంది. మరొకటి పది దాటితే గాని రాదు. నడిచి వెళ్దామంటే పోను గంటన్నర, రాను గంటన్నర. మోటారు సైకిలు కొనాలంటే మొదటి జీతం చేతికి రాకముందే అప్పు చేయాలి. ఇంటి వెనుక తాతగారి పాత సైకిలు గోడకు ఆనించి ఉంది. టైర్లలో గాలి లేదు, చైను తుప్పుపట్టింది. పని వదులుకోవడమా, సైకిలు బాగుచేసుకోవడమా?

ఇది ఊహించిన సంగతే. అయినా ఇలాంటి చిక్కు పల్లెల్లో ఎందరో యువతీయువకులకు ఎదురవుతుంది. దూరం వల్ల చేజారిపోయిన ఉద్యోగాన్ని ఎవరూ లెక్కలో రాయరు. కాబట్టి జవాబు చెప్పేముందు మనమే చిన్న లెక్క వేసి చూద్దాం.

మామూలుగా నడిచే మనిషి గంటకు 5 కిలోమీటర్లు పోగలడు. చదునైన దారిలో ఆయాసపడకుండా సైకిలు తొక్కేవాడు గంటకు 15 కిలోమీటర్లు పోగలడు. అరగంట సమయం ఇస్తే నడిచేవాడు రెండున్నర కిలోమీటర్లు, సైకిలు మీద వెళ్ళేవాడు ఏడున్నర కిలోమీటర్లు వెళతారు. మూడు రెట్లే కదా అనిపిస్తుంది. ఇప్పుడు కాగితం మీద మీ ఊరిని ఒక చుక్కగా పెట్టండి. ఆ చుక్క కేంద్రంగా రెండున్నర సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం, ఏడున్నర సెంటీమీటర్లతో మరొకటి గీయండి. చిన్న వృత్తంలో ఇమిడే నేల సుమారు 20 చదరపు కిలోమీటర్లు. పెద్ద వృత్తంలో ఇమిడేది సుమారు 177 చదరపు కిలోమీటర్లు. అంటే తొమ్మిది రెట్లు! దారులు గీత గీసినట్టు తిన్నగా ఉండవు కనుక నిజంలో ఇది కొంత తగ్గుతుంది. అయినా ఆ పెద్ద వృత్తంలో ఎన్ని ఊళ్ళున్నాయో, ఎన్ని బడులు, పిండిమిల్లులు, దుకాణాలు, ఆసుపత్రులు ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. పని వెతుక్కునేవారికి సైకిలు ఇచ్చేది ఆ తొమ్మిది రెట్ల నేల. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని దుకాణం అరగంట దాటి రెండు నిమిషాలలో అందుతుంది.

అదే మనిషి, అవే కాళ్ళు. వేగం ఎక్కడి నుండి వచ్చింది? నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మన బరువును కొద్దిగా పైకెత్తి దించుతూ ఉంటాం. శ్రమలో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది. సైకిలు మీద మన బరువును సీటు మోస్తుంది. చక్రాల ఇరుసులలోని ఉక్కు గుండ్లు రాపిడిని తగ్గిస్తాయి. మిగిలిన రహస్యం పళ్ళ చక్రాలలో ఉంది. పెడలు దగ్గరి పెద్ద చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు దొర్లుతుంది. అంటే రెండు కాళ్ళూ ఒక్కొక్కసారి తొక్కితే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ముందుకు పోతాం. నడకలో రెండు అడుగులు వేస్తే ఒకటిన్నర మీటరు దాటడం కష్టం. మీ ఇంట్లో సైకిలు ఉంటే పళ్ళు లెక్కపెట్టి ఈ గుణకారం మీరే చేయండి. మా మాట మీద నమ్మవలసిన పని లేదు.

ఈ వాహనం ఒక్కరోజులో పుట్టలేదు. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ డ్రైస్ రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ పోవాలి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన చక్రాలతో, చైను వెనుక చక్రాన్ని తిప్పే సైకిలును తెచ్చాడు. నేటి సైకిలుకు అదే మూలరూపం. 1887లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని గాలి నింపిన టైరును తయారుచేశాడు. ఒక తండ్రి ముద్దుకోసం చేసిన పని ప్రపంచమంతటి రోడ్ల మీదికి వచ్చింది.

ఇక ప్రారంభించడం ఎలా? చాలామంది సోమవారం ఉదయం హఠాత్తుగా సైకిలెక్కి, బుధవారానికి తొడలు పట్టేసి మానేస్తారు. ముందు ఒక ఆదివారం ఖాళీ దారిలో పని చోటు దాకా వెళ్ళి రావాలి. ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఎత్తు వచ్చింది, ఎక్కడ దిగి నడవవలసి వచ్చింది, నీళ్ళు, నీడ, పంక్చరు దుకాణం ఎక్కడున్నాయి అన్నవి చూసుకోవాలి. మొదటి వారం రోజు విడిచి రోజు వెళితే చాలు. కాళ్ళు వాటంతట అవే అలవాటుపడతాయి.

సీటు ఎత్తు విషయంలో పొరపాటు చేయనివారు అరుదు. సీటు కిందికి ఉంటే ధైర్యంగా ఉంటుందని మరీ దించుకుంటారు. వారం తిరిగేసరికి మోకాళ్ళు నొప్పులు. సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమను దాని మీద ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు.

గాలి తక్కువైన టైరు తొక్కేవాడి శ్రమను తినేస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినా టైరు లోపలికి పోకూడదు. పొలం దారులలో తుమ్మముళ్ళకు పంక్చరు పడడం మామూలే. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వచ్చే చోటు కనిపెట్టడం, అక్కడ గీకి సొల్యూషను రాసి రబ్బరు ముక్క అంటించడం చూస్తే వచ్చే విద్య. పంక్చరు దుకాణం దగ్గర పది నిమిషాలు నిలబడి చూసినవారు దారిలో బెంబేలుపడరు.

బీదరు జిల్లాలో నల్లరేగడి నేలలు ఎక్కువగా ఉన్నచోట వానాకాలం సంగతి వేరు. తడిసిన రేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చిక్కుకుని చక్రాన్ని తిరగనివ్వదు. పుల్లతో గీకి తీసినా పది గజాలు పోయేసరికి మళ్ళీ పడుతుంది. అప్పటిదాకా మనల్ని మోసిన సైకిలును మనం భుజాన మోయవలసి వస్తుంది! అందుకని వానాకాలంలో పొలాలకు అడ్డంపడి పోయే దగ్గరి దారికన్నా, చుట్టు తిరిగినా తారు రోడ్డే త్వరగా చేరుస్తుంది. కడ్డీ బ్రేకుల సైకిలైతే ఇనుప రిములు తడిసినప్పుడు బ్రేకు సరిగా పట్టదు. ఎప్పటికన్నా ముందుగా నొక్కడం మొదలుపెట్టాలి. పల్లంలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే తలకిందులుగా పడే ప్రమాదముంది.

ఎదురుగాలి మరొక పరీక్ష. నైరుతి ఋతుపవనాల కాలంలో దక్కనులో గాలి ఎక్కువగా పడమటి నుండి వీస్తుంది. పడమటికి వెళ్ళేవారికి పోయేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల ఎదురుగాలితో పంతం పట్టి తొక్కకుండా, పది నిమిషాలు ముందు బయలుదేరడం తెలివైన పని.

రోడ్డుకు ఎడమవైపునే వెళ్ళాలి. చీకటి పడితే ముందు దీపం, వెనుక ఎర్రటి మెరుపు బిళ్ళ తప్పనిసరి. చెరకు కోతల కాలంలో నిండు బండ్లతో పోయే ట్రాక్టర్ల వెనుక ఆనుకుని వెళ్ళకూడదు. హెల్మెట్ పెట్టుకోవడం మంచిది. పంచె అంచు, ప్యాంటు అంచు చైనులో పడకుండా, చున్నీ చక్రంలో చుట్టుకోకుండా సర్దుకోవాలి. టిఫిను డబ్బాను హ్యాండిలుకు వేలాడదీయకుండా వెనుక క్యారియరుకు కట్టుకోవాలి.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. చాలామందిని ఆపేది మరొకటి ఉంది: నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు. సైకిలును పేదవాని బండి అని చిన్నచూపు చూసేవారు నేటికీ ఉన్నారు. వారికి పుచ్చలపల్లి సుందరయ్యగారి సంగతి చెప్పాలి. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో, కలిగిన కుటుంబంలో పుట్టిన ఆయన 1952లో రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఢిల్లీలో పార్లమెంటు ముందు కార్లు వరుసగా ఆగుతుంటే ఆయన సైకిలు మీద వచ్చేవారు. తరువాత శాసనసభ్యుడైనప్పుడు కూడా సైకిలు వదల్లేదు. ఆయన రాజకీయాలతో ఏకీభవించని వారు ఎందరో ఉన్నారు. ఆ సైకిలును మాత్రం అందరూ ఆదరంగానే తలచుకుంటారు. సమయానికి పనికి చేరిన మనిషిని ఏ వాహనం మీద వచ్చావని అడిగేవారు తక్కువ.

ఆడపిల్లలకు ఈ బెరుకు రెండింతలు. ఆ బెరుకును ఒక జిల్లా జిల్లాయే పోగొట్టుకున్న చోటు తమిళనాడులోని పుదుక్కోట్టై. 1990 దశకం మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. చదవడం, రాయడంతోపాటు సైకిలు తొక్కడం కూడా స్త్రీలకు నేర్పాలని నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ పట్టుబట్టారు. రాతి క్వారీలలో పనిచేసేవారు, వ్యవసాయ కూలీలు, పల్లెల్లోని నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలసంఖ్యలో నేర్చుకున్నారు. మొదట్లో ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. స్త్రీలు బస్సు కోసం, మగవారి కోసం ఎదురుచూడడం తగ్గింది. నీళ్ళ బిందెలు, సంతకు పోయే సరుకులు సైకిలెక్కాయి. లేడీసు సైకిళ్ళు చాలినన్ని దొరకకపోతే మగవారి సైకిళ్ళే తీసుకున్నారు. వాటి మీద ఎక్కడం కష్టమని మనం అనుకుంటాం. ఆ తల్లులు మాత్రం ముందున్న అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని వాటినే మెచ్చుకున్నారు.

కర్ణాటకలో 2006-07 నుండి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చే పథకం మొదలైంది. దూరమని బడి మానేయకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. బడి కోసం వచ్చిన సైకిలు బడితోనే ఆగదు. అక్క చదువు ముగిశాక అదే సైకిలు మీద ఆమె కుట్టుపనికి వెళుతుంది. సెలవు రోజున తమ్ముడు దాని మీద పాలక్యాను తీసుకుపోతాడు. పండుగ ముందు తండ్రి దాన్ని బోర్లించి పెట్టి చైనుకు నూనె వేస్తాడు.

అభ్యాసం

1. సైకిలు వల్ల అరగంటలో చేరగల నేల తొమ్మిది రెట్లు ఎలా అవుతుందో పటం గీసి వివరించండి.
2. మీ ఊరికి ఏడున్నర కిలోమీటర్ల లోపు ఏయే పనిచోట్లు ఉన్నాయో పెద్దలను అడిగి రాయండి.
3. వానాకాలంలో దగ్గరి దారికన్నా తారు రోడ్డు ఎందుకు మేలు?
4. పుదుక్కోట్టై స్త్రీలు మగవారి సైకిళ్ళను ఎందుకు మెచ్చుకున్నారు?
5. విడదీసి సంధి పేరు రాయండి: మరొకటి, రెట్టింపైతే.
6. సొంతవాక్యాలలో ప్రయోగించండి: పెందలకడ, బెంబేలుపడు, పంతం పట్టు, చిన్నచూపు.
7. మీ ఇంట్లోనో, వీధిలోనో సైకిలు మీద పనికి వెళ్ళే ఒకరితో మాట్లాడి, వారి మొదటి రోజు ప్రయాణం గురించి పది వాక్యాలు రాయండి.