భుజం పట్టేసిందా? ఫిజియోథెరపీకి ఇలా సిద్ధం కండి

జడ వేసుకోబోతే చెయ్యి వెనక్కి పోదు. అటక మీది డబ్బా అందదు. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే నిద్ర ఎగిరిపోతుంది. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లకి, అందులోనూ షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ తీరు ఇది. డాక్టరు చూసి ‘ఫిజియోథెరపీ చేయించుకోండి’ అంటారు. పది రోజులు కరెంటు పెట్టించుకుంటే సరిపోతుందనుకుని చాలామంది బయల్దేరతారు. పది రోజులయ్యాక కూడా చెయ్యి లేవకపోతే ఫిజియో పనిచెయ్యలేదని తేల్చేస్తారు. నిజానికి ఈ వైద్యంలో ఎక్కువ భాగం రోగి ఇంట్లో చేసుకునే వ్యాయామమే. క్లినిక్‌లో గడిపే అరగంట దాన్ని నేర్చుకోవడానికీ, తప్పులు సరిదిద్దుకోవడానికీ. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ వరసలో ఏం చెయ్యాలో చూద్దాం.

1. ముందు జబ్బేదో తేల్చుకోండి

భుజం నొప్పులన్నీ ఒకటి కావు. డాక్టరు మీ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూస్తారు. మీరు ఎత్తలేని చెయ్యి ఆయన ఎత్తితే తేలిగ్గా లేచిందంటే, లోపల కండరం చివర చిరిగిందేమోనని అనుమానిస్తారు. ఎవరు ఎత్తినా ఒకచోట ఆగిపోతే మాత్రం కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర దళసరెక్కి బిగుసుకుందని అర్థం. ఫ్రోజెన్ షోల్డర్ అంటే అదే. ఇందులో ఎక్స్‌రే సాధారణంగా బాగానే కనిపిస్తుంది. కీలు అరుగుదల లాంటివి లేవని నిర్ధారించుకోవడానికే దాన్ని తీయిస్తారు.

భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి. అది గుండెపోటు కావచ్చు. కిందపడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా డాక్టరు చూశాకే ఫిజియో.

2. ఎవరి దగ్గరికి వెళ్లాలో చూసుకోండి

ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీ గానీ ఎంపీటీ గానీ చదివినవాళ్ల దగ్గరికే వెళ్లండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఫిజియోథెరపీ కూడా వస్తుంది. సిట్టింగుకి ఎంత, రోజూ ఒకరే చూస్తారా, వ్యాయామాలు ఎవరు నేర్పిస్తారు అన్నవి ముందే అడగండి. చాలా బీమా పాలసీలు ఓపీ ఖర్చులివ్వవు, అదీ కనుక్కోండి. ఒక్క గుంజుతో భుజం విడిపిస్తామనేవాళ్లకి మాత్రం చెయ్యి ఇవ్వకండి. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి సర్జన్లు విడిపించేటప్పుడే ఎముక విరిగే ప్రమాదం కొంత ఉంటుంది.

3. బయల్దేరే ముందు సర్దుకోండి

డాక్టరు చీటీ, ఎక్స్‌రే, స్కానింగు ఉంటే దాని రిపోర్టు, ఈ మధ్య చేయించిన షుగరు పరీక్ష, వాడుతున్న మాత్రల జాబితా ఒక సంచిలో పెట్టుకోండి. భుజం కనిపించాలి కాబట్టి మగవాళ్లు చొక్కా కింద బనియను వేసుకెళ్తే చాలు. ఆడవాళ్లు ముందు బటన్లున్న వదులు దుస్తులో, చేతుల్లేని కుర్తీయో వేసుకుంటే హాయి. మహిళా థెరపిస్టు కావాలనిపిస్తే అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే చెప్పండి. షుగరు మాత్ర వేసుకుని తినకుండా వెళ్లకండి, మధ్యలో కళ్లు తిరగొచ్చు. చెయ్యి ఏ పని చెయ్యలేకపోతోందో మూడు మాటల్లో రాసుకెళ్లండి: జడ, చొక్కా, బస్సు రాడ్డు. చికిత్స లక్ష్యాలు వీటి నుంచే వస్తాయి.

4. మొదటి రోజు కొలతలు రాసుకోండి

మంచి థెరపిస్టు యంత్రం దగ్గరికి వెళ్లకముందు ప్రశ్నలు వేస్తారు, తర్వాత కొలుస్తారు. జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుండే గోనియోమీటరుని భుజం మీద పెట్టి, చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోందో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ముందు నుంచి దాదాపు 180 డిగ్రీలు లేస్తుంది. ఈ జబ్బులో అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతినేది మోచెయ్యి ఒంటికి ఆన్చి ముంజేతిని బయటికి తిప్పే కదలిక. ఆ అంకెలు తేదీ వేసి మీ ఫోన్లోనూ రాసుకోండి. నెల తర్వాత గుణం కనిపించిందో లేదో ఇవే చెప్తాయి.

5. యంత్రాల పని ఎంతో తెలుసుకోండి

వేడి కాపడం, ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స, అల్ట్రాసౌండ్ లాంటివి కాసేపు నొప్పి తగ్గించి, వ్యాయామానికి భుజాన్ని సిద్ధం చేస్తాయి. పేస్‌మేకర్, గర్భం, క్యాన్సరు చికిత్స ఉంటే ముందే చెప్పాలి. చాలాకాలంగా షుగరున్నవాళ్లకి చర్మంలో స్పర్శ తగ్గి ఉంటుంది, కాపడం కాలుతున్నా తెలియదు. తువ్వాలు మడతలు ఎక్కువ వేయించుకుని, మధ్యమధ్య చర్మం చూడమనండి.

6. వ్యాయామం థెరపిస్టు కళ్లముందే చేసి చూపించండి

మొదటిది పెండ్యులం. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరుని 1934లో వాడుకలోకి తెచ్చిన అమెరికా సర్జన్ కాడ్‌మన్ పేరుతోనే దీన్నీ పిలుస్తారు. బాగున్న చెయ్యి బల్ల మీద ఆన్చి ముందుకి వంగి, నొప్పి చెయ్యిని వేలాడదీయాలి. ఒంటిని మెల్లగా ఊపితే చెయ్యి తనంతట తాను ఊగుతుంది. చేతినే పట్టుబట్టి తిప్పితే ఫలితం దక్కదు.

రెండోది కర్రతో. వెల్లకిలా పడుకుని, మోచెయ్యి ఒంటికి ఆన్చి వంచి, రెండు చేతులతో కర్ర పట్టుకోండి. బాగున్న చెయ్యితో కర్రని నెడుతూ నొప్పి చెయ్యిని బయటికి పంపాలి. మోచెయ్యికీ పక్కటెముకలకీ మధ్య మడతపెట్టిన రుమాలు ఉంచండి. అది జారితే మోచెయ్యి దొంగతనంగా లేచిందన్నమాట.

మూడోది గోడ. వేళ్లు పైకి పాకిస్తూ చెయ్యి ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత పెట్టండి. గీత దాటాలన్న ఆత్రంలో చాలామంది భుజాన్ని చెవి దాకా లాగి, నడుం వెనక్కి విరుస్తారు. అలా వచ్చిన అంగుళం నడుముదే, భుజానిది కాదు.

7. ఇంట్లో నొప్పి లెక్క పాటించండి

నొప్పికి పదికి మార్కులేసుకోండి. చేసేటప్పుడు నాలుగు, అయిదు దాటకూడదు, ఆపాక కాసేపట్లో తగ్గిపోవాలి. ఆ రాత్రి నిద్ర చెడినా, మర్నాటికీ సలుపు మిగిలినా మోతాదు ఎక్కువైనట్టే. సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి. ఒకేసారి గంటసేపు చేసేకన్నా రోజుకి మూడు నాలుగుసార్లు అయిదేసి నిమిషాలు నయం. రాత్రి రెండో పక్కకి పడుకుని, నొప్పి చేతిని దిండు మీద పెట్టుకోండి.

ఇంకో మాట. ఈ జబ్బులో మొదటి నెలల్లో నొప్పి ఎక్కువ, తర్వాత బిగువు ఎక్కువ, ఆపైన మెల్లగా సడలుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చు. నొప్పి దశలో గట్టిగా సాగదీస్తే ముదురుతుంది. అందుకే పక్కింటివాళ్లకి నప్పిన వ్యాయామం, యూట్యూబులో చూసింది మీకు సరిపడకపోవచ్చు.

8. ఎప్పుడు ఆగి అడగాలో తెలుసుకోండి

ఆరు వారాలు శ్రద్ధగా చేసినా అంకెలు కదలకపోతే రాసుకున్న ఆ కొలతలు తీసుకుని మళ్లీ డాక్టర్ని కలవండి. కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే నొప్పి తగ్గి వ్యాయామానికి వీలవుతుంది. అయితే షుగరున్నవాళ్లకి ఆ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది కనుక పరీక్ష చేసుకుంటూ ఉండాలి.

సిట్టింగులు ముగిసే రోజున ఏ వ్యాయామాలు ఎన్నాళ్లు కొనసాగించాలో రాయించుకుని రండి. ఆ కాగితం పారేయకండి. కొందరికి, ముఖ్యంగా షుగరున్నవాళ్లకి, తర్వాత రెండో భుజమూ పట్టేస్తుంది. అలాంటి సూచన కనబడితే నెలలు ఓర్చుకోకుండా మొదట్లోనే వెళ్లి చూపించుకోండి.