మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిందని ఫోనొస్తే

ఇంటర్ ఫలితాలు రాగానే డోర్నకల్ ఇళ్లకూ ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మీ పాపకు మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది, యాభై శాతం. రెండు రోజుల్లో అడ్వాన్సు కట్టండి" అంటారు. పిల్ల మొహం వెలిగిపోతుంది. ఆ సంతోషాన్ని చెడగొట్టకండి. అడ్వాన్సు మాత్రం ఆ పూటే కట్టకండి.

యాభై శాతం దేనిమీదో ముందు అడగండి. చాలాచోట్ల అది ట్యూషన్ ఫీజుకే. ట్యూషన్ మూడు లక్షలు, హాస్టలూ మెస్సూ కలిపి లక్షన్నర అనుకోండి. సగం తగ్గించినా ఏటా మూడు లక్షలు, నాలుగేళ్లకు పన్నెండు లక్షలు మీరే తేవాలి. మిర్చి ధర పడిపోయిన ఏడాది కూడా ఆ మూడు లక్షలు కట్టాల్సిందే. పైగా రెండో ఏడాది నుంచి ఇంత సీజీపీఏ ఉంటేనే రాయితీ అనే షరతు ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఇంగ్లిష్ పాఠాలకు అలవాటు పడేలోపే మొదటి సెమిస్టర్ అయిపోతుంది. ఆ సీజీపీఏ ఎంత, ఒకసారి తగ్గితే రాయితీ మళ్లీ ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. నోటిమాటను నమ్మి సంతకం పెట్టొద్దు.

పూర్తి మాఫీలూ ఉన్నాయి. వీఐటీ రాష్ట్ర బోర్డు టాపర్లకు నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు వదిలేస్తుంది. అయితే తెలంగాణలో ఏటా నాలుగు లక్షల మందికి పైగా ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాస్తారు. అందులో టాపర్ కాలేదని పిల్లను చిన్నబుచ్చకండి.

అసలు పోల్చి చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే, ఆదాయ పరిమితిలో ఉన్న ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ప్రభుత్వమే ఫీజు కడుతుంది. బీసీ పిల్లలకు పదివేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, ఆపైన 35,000 రూపాయల వరకు వస్తుంది. రాష్ట్రం 2018లో చేసిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద వచ్చినవాటిలో ఈ ఆసరా ఉండదు. ప్రభుత్వం నుంచి ఆ ఫీజు రావడం ఆలస్యమై కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్న మాట నిజమే. అయినా పన్నెండు లక్షల అప్పుతో పోలిస్తే ఆ ఇబ్బంది చిన్నదనే నేనంటాను.

ఫోన్ చేసి చెప్పేవాళ్లు లేని స్కాలర్‌షిప్పులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ సర్కారు బడిలో చదివి డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏటా 30,000 ఇస్తోంది. అది వర్తించే రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ఇంజనీరింగ్‌లో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి పథకంలో ఏటా 50,000 ఇస్తారు, ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు. తండాల్లోని ఎస్టీ పిల్లలకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి ఆదాయం ఆరు లక్షలు దాటకూడదు, చేరిన కాలేజీ వాళ్ల జాబితాలో ఉండాలి, దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేది వెయ్యి మందికే. దొరకడం తేలిక కాదు, కానీ అప్లై చేయకుండా వదిలేయొద్దు.

ఆదాయ, కుల సర్టిఫికెట్ల కోసం మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాంకు ఖాతా పిల్ల పేరు మీదే తెరిపించండి. అప్లికేషన్ నింపేటప్పుడు మీరూ పక్కన కూర్చుని, ఏ కాలేజీకి ఎంత అవుతుందో, ఇంట్లో ఎంత ఉందో తనకు దాచకుండా చెప్పండి.