అడిగి తినటం నేర్చుకో

నిషి కసాయి, టోక్యో

చిరంజీవి అమ్ములుకి పిన్ని ఆశీర్వదించి రాసేది.

ఏప్రిల్ ఒకటిన నువ్వు ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈ దేశంలో కొత్తవాళ్ళు చాలామంది చేరేది ఆ రోజే. పొద్దున రైళ్ళ నిండా కొత్త నల్లకోట్లే కనపడతాయి. మీ అమ్మకి నీ ఉద్యోగం గురించి బెంగ లేదు. "పిల్ల ఏం తింటుందే? ఎవరితో తాగుతుందే?" అని రెండే ప్రశ్నలు వేసింది. మొదటిది గట్టిగా, రెండోది గొంతు తగ్గించి. ఇరవై ఏళ్ళ పైగా ఈ ఊరి తిండి తింటున్నదాన్ని కాబట్టి రెండింటికీ జవాబు నీకే రాస్తున్నాను.

మన ఇళ్ళలో కొసరి కొసరి వడ్డిస్తారు. వద్దు వద్దంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం, అయినా ఇంకో గరిటె పడుతుంది. అడిగి వడ్డించుకోవటం నామోషీ అని మనకి చిన్నప్పుడే నేర్పారు. టోక్యోలో నేను పడ్డ పాట్లన్నీ ఆ నామోషీ వల్లే పడ్డాను.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆఫీసు తెలుగు పిల్లలం ఆరుగురం మా వీధిలోని ఇజకాయాకి వెళ్ళాం. కూర్చుని తాగుతూ, చిన్న చిన్న ప్లేట్లు తెప్పించుకుని తినే చోటుని ఇక్కడ అలా అంటారు. కూర్చోగానే తలా ఒక చిన్న గిన్నె పెట్టారు. మేం అడగలేదు కాబట్టి ముట్టుకోలేదు. బిల్లులో మనిషికి మూడు వందల యెన్‌లు ఎక్కువ పడ్డాయి. "తిననిదానికి డబ్బులేమిటి?" అని గొడవకి దిగాం. యజమానురాలు ఒక్క మాట అనలేదు. ఆ మొత్తం కొట్టేసి, వంగి దణ్ణం పెట్టింది. గెలిచామనుకుంటూ బయటికొచ్చాం. ఆ గిన్నెని ఒతోషి అంటారనీ, అది తినుబండారం రూపంలో ఉన్న కుర్చీ అద్దె అనీ తరవాత తెలిసింది. రెండేళ్ళు ఆ గుమ్మం ముందు తల వంచుకుని నడిచాను. సాయంత్రం తెరిచే చాలా చోట్ల ఇప్పుడు మూడొందల నుంచి అయిదొందల యెన్‌ల దాకా వేస్తారు. కూర్చునే ముందే అడుగు. ఇష్టం లేకపోతే నవ్వి బయటికి రా, ఎవరూ ఏమీ అనుకోరు. టిప్పు మాత్రం ఎక్కడా ఇవ్వకు. మర్చిపోయావనుకుని చిల్లర పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొస్తారు.

రెండో పాటు ఇంకా ఘోరం. నేను కార్తీక సోమవారాలు ఉంటానని నీకు తెలుసుగా. నవంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, ఉపవాసానికి అదొక సుఖం. దీపాల వెలుగులో చుక్క కనపడక, గడియారం చూసుకుని, అన్నంతోనూ మిసో సూపుతోనూ ఉపవాసం విరమించేదాన్ని. సూపులో కనిపించేవి టోఫు ముక్కలూ, నాచూ. శాకాహారమే కదా అనుకున్నాను. మూడో సోమవారం నాడు ఆఫీసులో పక్క సీటామె చల్లగా చెప్పింది, అందులో దాషి ఉంటుందని. దాషి అంటే వంటకి అడుగు రసం. దాన్ని ఎండబెట్టి తురిమిన చేపతో ఎక్కువగా తీస్తారు. ఉడికించిన కూరల్లోనూ, సోబా నూడుల్స్ పులుసులోనూ, గుడ్డు అట్టులోనూ అదే. జపాను వాళ్ళ లెక్కలో అది చేప కాదు, మన తాలింపు లాంటిది. అందుకే "శాకాహారిని" అంటే సరిపోదు. "నికు (మాంసం), సకానా (చేప), దాషి, మూడూ వద్దు" అని విడమర్చి చెప్పు. కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండు పుట్టగొడుగులతోనో తీసిన దాషి కూడా ఉంటుంది. గుళ్ళలో వండే షోజిన్ భోజనం దాని మీదే నడుస్తుంది. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మా అత్తగారు ఈ ఊళ్ళో శంక లేకుండా తిన్న భోజనం అదొక్కటే.

ఇక మన తిండి. మా పేట పేరులో కసాయి ఉందని మీ అమ్మమ్మ మొదట్లో బెదిరిపోయింది గానీ, కందిపప్పూ చింతపండూ నడిచి వెళ్ళి తెచ్చుకోగలిగిన పేట ఇది. రెండు వేల సంవత్సరం చుట్టుపక్కల వైటూకే కంప్యూటర్ పనులకి వచ్చిన మనవాళ్ళు, టోజాయ్ లైను ఎక్కితే బ్యాంకుల పేటకి నేరుగా పోవచ్చని ఇక్కడ దిగారు, ఉండిపోయారు. నువ్వూ దిగు. కానీ రోజూ ఇక్కడే తినకు. నేను మొదటి ఏడాది అలాగే చేసి, టోక్యోలో ఉండి తెనాలిని మాత్రమే చూశాను.

వీధి వీధికీ "ఇండియన్" బోర్డులు చూసి మోసపోకు. చాలావాటిని నడిపేది నేపాలీలు. పళ్ళెం దాటి వేలాడే తియ్యటి నాన్, బటర్ చికెన్. జపాను వాళ్ళకి మన దేశపు రుచి అంటే అదే. ఆ నేపాలీలు పొట్టకూటికి కష్టపడి వండుతున్నారు, వెక్కిరించకు. మన పద్ధతి కూర కావాలంటే షింజుకులో నకమురాయా అనే పాత దుకాణం ఉంది. 1915లో బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకొచ్చిన రాస్ బిహారీ బోస్‌ని దాచింది ఆ దుకాణం దంపతులే. తరవాత ఆయన వాళ్ళ అల్లుడయ్యాడు. ఇక్కడి కూర ఇంగ్లండు మీదుగా వచ్చిన పిండి పులుసు. అది మనది కాదని చూపించటానికి 1927లో ఆయన పూనికతోనే ఆ దుకాణం మన పద్ధతి కూర పెట్టటం మొదలెట్టింది. ఒకసారి వెళ్ళి తిను. ఒకాచిమాచిలో ఆంధ్రా కిచెన్ ఉంది. జపాను వాళ్ళు చేత్తో చారన్నం కలుపుకోవటం నేనక్కడే చూశాను. తకదనోబాబాలో బర్మా వాళ్ళ హోటళ్ళున్నాయి. మన ముత్తాతల కాలంలో కోనసీమ నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ కూలికి పోయిన "రంగం" వాళ్ళ రంగూనే. మొహింగా అనే వాళ్ళ చేపల పులుసులో అరటిదూట వేస్తారు. నువ్వు అది తినవు కాబట్టి టీ ఆకుల పచ్చడి తెప్పించుకో. ఎండురొయ్యలు వెయ్యొద్దని ముందే చెప్పాలి సుమా.

ఇప్పుడు మీ అమ్మ గొంతు తగ్గించి అడిగిన సంగతి. నువ్వు తాగుతావో లేదో నేను అడగను. ఇక్కడి చట్టానికి ఇరవై ఏళ్ళు నిండితే చాలు. కొత్తవాళ్ళకి స్వాగతం పేరుతో ఆఫీసులో విందు పెడతారు. అందరూ ముందు బీరు అంటారు. నువ్వు ఊలాంగ్ టీ అంటే చాలు, కారణాలు చెప్పనక్కర్లేదు. గ్లాసు ఎత్తి "కంపాయ్" అంటే టీ అయినా లెక్కలోకి వస్తుంది. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరు, పక్కవాళ్ళది చూసి పొయ్యటం మర్యాద. ఆ మర్యాదే ప్రమాదం కూడా. నీ గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ నిండుతుంది. చాలనుకుంటే నిండుగానే వదిలెయ్.

షింజుకులో గోల్డెన్ గాయ్ అని ఇరుకు సందుల్లో రెండు వందలకి పైగా చిన్న బార్లున్నాయి. ఆరుగురు కూర్చుంటే ఏడోవాళ్ళు నిలబడాల్సిందే. అక్కడ ఒంటరి ఆడమనిషిని ఎవరూ వింతగా చూడరు. తలుపు మీద కుర్చీ రుసుము రాసి ఉంటుంది, లేకపోతే అడుగు. పక్కనే ఉన్న కబుకిచోలో మాత్రం చెయ్యి ఊపి పిలిచేవాడి వెంట వెళ్ళొద్దు. వాళ్ళని నమ్మొద్దని ఆ వీధిలో మైకుల్లోనే చెబుతుంటారు. ఆఖరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్ళిపోతుంది. ముఖ్యంగా, స్టేషన్ దగ్గర పెట్టిన సైకిలు తాగిన రోజు ముట్టుకోకు. 2024 నవంబరు నుంచి తాగి సైకిలు తొక్కినా మూడేళ్ళ దాకా జైలో, అయిదు లక్షల యెన్‌ల దాకా జరిమానానో పడుతుంది. నడిపించుకుంటూ ఇంటికి పో.

చివరగా ఒక్కటి. ఇన్ని దేశాల తిండి ఉందని వారానికో కొత్త చోటు వెతుక్కుంటూ తిరగకు. ఇంటికి దగ్గరలో ఒక్క చోటు ఎంచుకుని, బల్ల ముందు వంటమనిషి కనపడే కుర్చీలో కూర్చో. ఇది ఏమిటి, ఎలా వండారు, ఎంత అని అడుగుతూ ఉండు. లేచేటప్పుడు "గొచిసోసమా" అను. మన "అన్నదాతా సుఖీభవ" అనుకో.

నేను ఒతోషికి గొడవపడ్డ చోటికే రెండేళ్ళ తరవాత ఒంటరిగా వెళ్ళి, క్షమించమని, చేపరసం తిననని, కార్తీక సోమవారాల సంగతి వచ్చీరాని జపనీసులో చెప్పుకున్నాను. ఆవిడ తల ఊపింది, అంతే. మరుసటి ఏడాది నవంబరులో ఒక సోమవారం వెళ్ళేసరికి నా ముందు ఒక చిన్న గిన్నె పెట్టి, "కొంబు" అంది. ఇన్నేళ్ళుగా ఆ సోమవారాలు నేను అడగాల్సిన పని లేదు. అడగకుండా వడ్డించే మనిషి పరదేశంలో దొరకాలంటే, ముందు మనం నోరు తెరిచి అడగాలమ్మా.

ఆవకాయ గట్టిగా ప్యాక్ చేయించి తెచ్చుకో. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టనివ్వకు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. నువ్వు దిగిన మొదటి శనివారం సాయంత్రం ఆవిడ దగ్గర రెండు కుర్చీలు చెప్పి ఉంచుతాను. ఏం కావాలో నువ్వే అడగాలి.

మీ పిన్ని