చెక్ వాక్యంలో 'కానీ' ఎక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: నా రిపోర్టులో ఇంగ్లిష్ 'హౌఎవర్' ఉన్న ప్రతిచోటా వాక్యం మొదట్లో 'ఫ్షక్' అని పెట్టాను. మా గైడు అన్నీ కొట్టేశారు. డిక్షనరీలో అర్థం అదే కదండీ?
– ఓ విద్యార్థిని, బ్ర్నో

సమాధానం: అర్థం సరైనదేనమ్మా, చోటు తప్పింది. 'ఫ్షక్' మామూలుగా వాక్యంలో మొదటి మాట తర్వాత వస్తుంది. 'పెత్ర్ ఫ్షక్ నెప్ర్షిషెల్' అంటే 'పెత్ర్ మాత్రం రాలేదు'. మన 'మాత్రం' కూడా అంతే చూడండి, 'మాత్రం పెత్ర్ రాలేదు' అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి ఆ వాక్యాన్ని తెలుగులో ఆలోచిస్తే చోటు దానంతటదే దొరుకుతుంది.

ఇంకో చిక్కు ఉంది. అదే 'ఫ్షక్'ను ముందుకు తెస్తే మాటతీరే మారిపోతుంది. 'ఫ్షక్ ఉవిద్యీష్' అంటే 'చూస్తావుగా' అని. స్నేహితుల మధ్య చక్కగా ఉంటుంది, రిపోర్టులో పనికిరాదు. వాక్యాన్ని 'కానీ'తోనే మొదలుపెట్టాలనుకుంటే రాతలో 'నిత్స్‌మేన్యె' వాడండి. మాటల్లో 'అలె' చాలు. రెండు వాక్యాలను 'అలె'తో కలిపినప్పుడు దాని ముందు కామా మరిచిపోకండి. చెక్‌లో కామా ఊపిరి కోసం పెట్టేది కాదు, వ్యాకరణం అడిగేది.

ప్రశ్న: 'ఇన్ ఆర్డర్ టు'కు 'అబి' అని నేర్చుకున్నాను. 'చదువుకోవడానికి ప్రాగ్ వచ్చాను' అనడానికి 'అబి సెమ్' అంటే మా సహోద్యోగులు సరిదిద్దుతున్నారు.
– ఓ పాఠకుడు, ప్రాగ్

సమాధానం: 'అబి' కర్తను బట్టి మారుతుంది: నేను అయితే అబిఖ్, నువ్వు అబిస్, మేము అబిఖొమ్, మీరు అబిస్తె. అతనికీ ఆమెకూ వాళ్లకూ ఉత్త 'అబి'. దాని వెనక క్రియ భూతకాల రూపంలో ఉంటుంది, మగవారు 'స్తుదొవల్', ఆడవారు 'స్తుదొవల' అంటారు. 'అబి సెమ్' లాంటి తప్పు చెక్ వాళ్ల నోటా వినిపిస్తుంది, అయినా రాతలో ఒప్పుకోరు.

నిజానికి మీ వాక్యానికి ఈ శ్రమంతా అక్కర్లేదు. రావడం, వెళ్లడం చెప్పే క్రియల తర్వాత ఉత్త ధాతురూపం సరిపోతుంది: 'ప్ర్షియెల్ సెమ్ దొ ప్రహి స్తుదొవత్'. ఇదే సహజంగా ఉంటుంది.

ప్రశ్న: 'బికాజ్ ఆఫ్'కు 'క్వూలి' వాడాలా, 'ద్యీకి' వాడాలా?
– ఓ గృహిణి, ఒస్త్రవ

సమాధానం: 'ద్యీకి' కృతజ్ఞతలు చెప్పే మాట నుంచి వచ్చింది. మేలు జరిగినప్పుడే వాడండి. వాన వల్ల రైలు ఆలస్యమైతే 'క్వూలి దెష్టి'. మన 'వల్ల' మంచికీ చెడుకీ సరిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు చటుక్కున తట్టదు. రెండింటి తర్వాతా చతుర్థీ విభక్తే.

ప్రశ్న: కాంట్రాక్టులు అనువదిస్తుంటాను. 'ఈవెన్చువల్లీ', 'యాక్చువల్లీ' పోలిన మాటలు చెక్‌లోనూ కనిపిస్తున్నాయి. వాడొచ్చా?
– ఓ అనువాదకుడు, హైదరాబాద్

సమాధానం: వద్దండీ, కాంట్రాక్టులో అసలే వద్దు. 'ఎవెంతుఆల్‌న్యె' అంటే 'చివరికి' కాదు, 'అవసరమైతే, ఒకవేళ' అని. చివరికి డబ్బు చెల్లించారు అనాల్సిన చోట అది పడితే, చెల్లించారో లేదో తేలకుండా పోతుంది. 'చివరికి'కి 'నకొనెత్స్' రాయండి. అలాగే 'అక్తుఆల్‌న్యె' అంటే 'ప్రస్తుతం'. 'నిజానికి' అనాలంటే 'వ్లస్త్న్యె'.

అనుమానం వస్తే చెక్ సైన్స్ అకాడమీ వారి చెక్ భాషా సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన భాషా మార్గదర్శిని చూడండి. కామాల గురించి అంత వివరంగా చెప్పేది అరుదు. చార్లెస్ విశ్వవిద్యాలయం నిర్వహించే చెక్ జాతీయ కార్పస్‌లో 'ఇంటర్‌కార్ప్' అనే విభాగం ఉంది. ఇంగ్లిష్ వాక్యం, దాని చెక్ అనువాదం పక్కపక్కనే కనిపిస్తాయి.

పాఠకులకు ఒక విన్నపం: సందేహం రాసేటప్పుడు విడి పదం కాకుండా, దాని ముందూ వెనకా ఉన్న వాక్యాలు కూడా పంపండి.