డొంకదారిలో మోటారు సైకిలు

తారు రోడ్డు మీద మోటారు సైకిలు నడిపేవాళ్ళను చూస్తే అదేమంత కష్టమైన విద్యగా కనిపించదు. అదే మనిషి అదే బండిని పొలాల మధ్య డొంకలోకి దింపాడనుకోండి. నాలుగు గజాలు పోకముందే బురదలో కూలబడవచ్చు. బండి మారలేదు, ఇంజను మారలేదు, నడిపేవాడూ మారలేదు. మారిందల్లా నేల ఒక్కటే. మరి బండిని నడిపేది ఇంజనా, నేలా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం మనం ఊహలోనే ఒక ప్రయాణం చేద్దాం. నలుగురు మిత్రులు, అందరూ లైసెన్సు ఉన్న పెద్దవాళ్ళే, నాలుగు మోటారు సైకిళ్ళ మీద ఒక ఆదివారం ఉదయం నందిగామలో బయలుదేరారు. నైరుతి దిక్కుగా పోతే చందర్లపాడు వస్తుంది. అదీ దాటి పోతే కృష్ణానది ఒడ్డున గుడిమెట్ల. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతమైన ఈ సీమ 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు, ఏటి ఇసుక, రాళ్ళ గుట్టలు, వాగులు, అన్నీ దగ్గర దగ్గరగా ఉన్న చోటు ఇది. మన పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

నేలను వెనక్కు తోస్తేనే ముందుకు

ముందు ఒక చిన్న సంగతి చూద్దాం. మోటారు సైకిలును స్టాండు వేసి, వెనుక చక్రం గాలిలో ఉండగా ఇంజను నడిపితే చక్రం గిర్రున తిరుగుతుంది. బండి మాత్రం అంగుళం కదలదు. చక్రం నేలను తాకినప్పుడే బండికి నడక వస్తుంది. చక్రం నేలను వెనక్కు తోస్తుంది, నేల చక్రాన్ని ముందుకు తోస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం చెప్పేది ఇదే. ఇంజను పని చక్రాన్ని తిప్పటం వరకే. బండిని ముందుకు తోసేది నేల.

ఆ తోపు ఘర్షణ వల్ల వస్తుంది. టైరు జారకుండా నేలను పట్టుకొని ఉన్నంతసేపు పనిచేసేది స్థైతిక ఘర్షణ. పట్టు తప్పి చక్రం ఉన్నచోటనే గిర్రున తిరగటం మొదలుపెడితే అది జారుడు ఘర్షణ అవుతుంది. సాధారణంగా జారుడు ఘర్షణ స్థైతిక ఘర్షణ కంటే తక్కువ. అందువల్ల పట్టు ఒకసారి తప్పిందంటే, ఇంకా గట్టిగా యాక్సిలరేటరు తిప్పటం వల్ల లాభం లేదు. చక్రం నేలను గోకి గుంట చేసుకొని, అందులోకే దిగుతుంది.

అరచేతికంటే చిన్న జాగా

బండి బరువు 140 కిలోలు, మనిషి బరువు 70 కిలోలు అనుకొందాం. మొత్తం 210. రెండు చక్రాలూ సమంగా మోస్తే ఒక్కొక్కదాని మీద 105 కిలోలు. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు ఉంటుంది. పంపు దగ్గర ముప్పై పౌండ్లు అనేది ఇంచుమించు ఇదే. టైరు రబ్బరు గట్టిదనాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, 105ను 2తో భాగించండి. సుమారు 52 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కొక్క చక్రం నేలను తాకే జాగా మీ అరచేతికంటే చిన్నది! బండి ముందుకు పోవటం, మలుపు తిరగటం, ఆగటం అన్నీ ఆ రెండు చిన్న జాగాల మీద జరగాలి.

గాలి కొంత తీసి ఒత్తిడిని సగం చేస్తే? తాకే జాగా రెట్టింపవుతుంది. మెత్తని నేల మీద బరువు ఎక్కువ జాగాలో పరుచుకొంటుంది కాబట్టి చక్రం తక్కువగా దిగుతుంది. ఒంటె వెడల్పాటి పాదంతో ఇసుకలో నడవటానికీ, ఇనుప కమ్మీ బండి దిగబడే బురదలో టైరు బండి సాగిపోవటానికీ కారణం ఇదే. అయితే గాలి మరీ తగ్గితే రాయి తగిలినప్పుడు టైరు నలిగి, ట్యూబు చిరిగి, చక్రం రిమ్ముకు సొట్ట పడవచ్చు. తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్ళీ నింపుకోవాలి.

గాలి టైరు పుట్టిందే గతుకుల దారి కోసం. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు గతుకుల వీధుల్లో కుదుపు లేకుండా పోవాలని గాలి నింపిన రబ్బరు గొట్టాలను చక్రాలకు అమర్చాడు. ఆ ఆలోచనే మన డొంకదాకా వచ్చింది.

రేగడితో మొదటి పరీక్ష

మన మిత్రులు చందర్లపాడు దాటి డొంకలోకి దిగారు. రెండు రోజుల క్రితం వాన పడింది. పైకి ఆరినట్లే ఉన్నది, లోపల మాత్రం తడి. మొదటి బండి ఇరవై గజాలు పోయి ఆగిపోయింది. ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నల్లటి బంకమన్ను బిగుసుకుపోయి చక్రం తిరగటం మానేసింది.

నల్లరేగడికి ఈ బంకతనం ఎక్కడిది? ఇందులో మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంకమన్ను ఎక్కువ. దాని కణాలు పుస్తకంలో కాగితాల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచని పొరలు. నీరు ఆ పొరల మధ్యకు దూరి వాటిని ఎడం చేస్తుంది. నేల ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొర మీద పొర జారుతుంది. వేసవిలో ఆ నీరు పోగానే నేల కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెరెలు విచ్చుతుంది. పత్తికి ఎంతో మేలుచేసే ఈ గుణమే చక్రానికి శత్రువు. బురద పైన జారుతుంది, చక్రాన్ని పట్టుకొని వదలదు.

అందుకే ఇలాంటి దారుల కోసం చేసిన మోటారు సైకిళ్ళకు ముందు మడ్‌గార్డు చక్రానికి అంటుకొని ఉండదు, చాలా ఎత్తున ఉంటుంది. టైర్ల మీద ఎడమెడంగా పెద్ద గుబ్బలుంటాయి. అవి మెత్తని మట్టిలోకి దిగి పళ్ళచక్రంలాగా పట్టుకొంటాయి. గుబ్బల మధ్య చేరిన మన్ను చక్రం తిరిగేటప్పుడు విసిరివేయబడుతుంది. ఆ గుబ్బలే తారు రోడ్డు మీద తాకే జాగాను తగ్గిస్తాయి. అన్ని నేలలకూ సరిపడే టైరు అంటూ లేదు.

మిత్రులు ఏం చేశారు? పుల్లతో మన్ను గీకి, డొంక పక్కన గడ్డి మొలిచిన గట్టి అంచున బండ్లను నడిపించుకొంటూ దాటారు. లోతైన చాళ్ళు పడేట్లు మధ్యలో గోకుతూ పోలేదు. డొంక ఆటస్థలం కాదు. ఆ చాళ్ళు ఎండి గట్టిపడితే రేపు పత్తి బస్తాల బండి తోలుకొని వచ్చే రైతుకు అవి కష్టం.

ఇసుకలో తడబాటు

గుడిమెట్ల దగ్గర కృష్ణ ఒడ్డున ఇసుక. ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకోవు. చక్రం నొక్కగానే పక్కలకు దొర్లిపోతాయి. ముందు చక్రం నాగలికర్రులాగా లోపలికి దిగి, ఎటు పోతే అటు బండిని లాగుతుంది. భయపడి ముందు బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రం మీదికి వచ్చి అది ఇంకా దిగుతుంది. అందుచేత ఇసుకలో శరీరాన్ని కొంచెం వెనక్కు జరిపి, ముందు చక్రం మీద బరువు తగ్గించి, నిలకడగా ఒకే వేగంతో పోవాలి.

ఒక చిత్రం గమనించండి. పొడి ఇసుకలో చక్రం దిగబడుతుంది, నీటి అంచున తడి ఇసుక మీద దిగదు. రేణువుల మధ్య పలుచని నీటిపొర తన తలతన్యత వల్ల వాటిని దగ్గరకు లాగి పట్టుకొంటుంది. మీరు ఇసుకలో కట్టే పిచ్చుకగూళ్ళు నిలిచేదీ ఇందువల్లనే. కాని నీరు మరీ ఎక్కువై రేణువుల మధ్య ఖాళీలన్నీ నిండిపోతే ఈ పట్టు పోతుంది. అలాంటి చోట్ల ఇసుక ఊబి కావచ్చు. నీటి అంచు గట్టిగా ఉన్నదని లోపలికి పోరాదు. పైగా ఎగువన పులిచింతల జలాశయం ఉన్నది. అక్కడ గేట్లు ఎత్తితే దిగువన నది మట్టం పెరుగుతుంది.

ఇసుక సవారీలో ఆరితేరిన మనవాళ్ళు లేకపోలేదు. ఎడారుల గుండా సాగే డకార్ ర్యాలీని 2015లో సి.ఎస్. సంతోష్ మోటారు సైకిలు మీద పూర్తిచేశాడు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడు ఆయనే. 2024లో హరిత్ నోవా అదే ర్యాలీలో ర్యాలీ-2 తరగతి విజేత అయ్యాడు.

గుట్ట ఎక్కటం, దిగటం

ఒకప్పుడు చాగి వంశపు రాజులు ఏలిన చోటు గుడిమెట్ల. వాన వెలిసిన తరువాత వజ్రాల కోసం జనం ఇక్కడి గుట్టల్లో వెదుకుతుంటారు. వాన సన్నని మన్నును కడిగివేసి గులకను పైకి తేల్చటమే దీనికి కారణం. వెదికేవాళ్ళకు ఆ గులక ఆశ, చక్రానికి మాత్రం గోళీలు పోసిన నేల.

నాలుగు మీటర్లు పోతే ఒక మీటరు లేచే వాలు అనుకోండి. 210 కిలోల బండిని దాని మీద నిలపటానికే దాదాపు 50 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. అందుకే మొదటి గేరు. ఆ గేరులో వెనుక చక్రం ఒక్క చుట్టు తిరగటానికి మామూలు చిన్న బండి ఇంజను ఇరవై, ముప్పై చుట్లు తిరుగుతుంది. పై గేరులో అయితే పది చుట్ల దరిదాపుల్లోనే. వేగం తగ్గితే బలం పెరుగుతుంది. దిగేటప్పుడూ అదే గేరు మంచిది. ఇంజను తానే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది.

రాళ్ళ మీద మిత్రులు సీటు మీదనుంచి లేచి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపారు. నిలబడితే గరిమనాభి కిందికి దిగుతుందని కొందరు అంటారు. అది పొరపాటు. మనిషి పైకి లేచినప్పుడు గరిమనాభి పైకే పోతుంది. అసలు లాభం మోకాళ్ళలో ఉంది. అవి స్ప్రింగుల్లాగా వంగుతాయి కాబట్టి, బండి అటూ ఇటూ ఎగిరిపడినా మనిషి శరీరం దాదాపు నిలకడగా సాగుతుంది.

తలకు ఎంత దెబ్బ?

ఇంతలో ఒకతను గులక మీద పక్కకు పడ్డాడు. బండి దాదాపు ఆగే ఉన్నది. మెల్లగా పడ్డాడు కాబట్టి ఏమీ కాదనుకొంటాం. లెక్క వేసి చూడండి. ఒకటిన్నర మీటర్ల ఎత్తునుంచి పడిన తల, నేలను తాకేసరికి సెకండుకు 5 మీటర్లకు మించిన వేగం అందుకొంటుంది. అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. తల బరువు 5 కిలోలు, అది రాయి మీద పావు సెంటీమీటరులో ఆగిందనుకొంటే, 150ని పావుతో భాగించి 5తో హెచ్చించండి. సగటున 3,000 కిలోల బరువుకు సమానమైన బలం! హెల్మెట్టు లోపలి నురగ రెండున్నర సెంటీమీటర్లు నలిగితే అది 300 అవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా విషయం స్పష్టమే. హెల్మెట్టు దెబ్బను మాయం చేయదు, తల ఆగే దూరాన్ని పెంచుతుంది. ఆ మిత్రుడు హెల్మెట్టు దులుపుకొని లేచాడు.

వాగు ముందు

సాయంత్రం తిరుగుదారిలో ఒక వాగు చప్టా మీద మోకాలి లోతు నీరు పారుతున్నది. పొద్దున చీలమండ కూడా మునగలేదు. ఇక్కడ వాన లేదు, ఎగువన ఎక్కడో కురిసింది. “దూకిద్దాం, గేరు మార్చకుండా పోతే దాటుతాం” అన్నాడు ఒకడు.

నీటి తోపు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. చక్రాలూ కాళ్ళూ కలిసి పావు చదరపు మీటరు అడ్డం ఉన్నాయనుకొంటే, సెకండుకు ఒక మీటరు పారే నీరు సుమారు 12 కిలోల బలంతో తోస్తుంది. రెండు మీటర్లు పారితే 50 కిలోలు. అదే సమయంలో నీరు బండిని పైకి ఎత్తి నేల మీద దాని బరువు తగ్గిస్తుంది. బరువు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. పాచి పట్టిన చప్టా మీద అసలే అది తక్కువ. ఇంజను నీటిని పీలిస్తే ఇంకో ప్రమాదం. గాలిలాగా నీరు నొక్కుకుపోదు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు.

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదికే నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. లారీలనే ఆపిన నీటికి మోటారు సైకిలు ఒక లెక్కా?

మిత్రులు వెనుదిరిగారు. చుట్టుదారిన చీకటిపడ్డ తరువాత ఇల్లు చేరారు. బురదకు ఒక ఉపాయం ఉంది, ఇసుకకు ఒకటి, వాలుకు మరొకటి. పారే నీటికి ఉన్న ఉపాయం మాత్రం ఆగిపోవటమే. మన ప్రశ్నకు జవాబు కూడా అదే. ఇంజను మన చేతిలో ఉంటుంది, నేల ఉండదు. నేల ఇచ్చినంత పట్టునే మనం వాడుకోగలం.

మీకు 18 ఏళ్ళు నిండి, గేర్ల బండికి లైసెన్సు వచ్చేదాకా మోటారు సైకిలు ముట్టకండి. ఈ పాఠం నేర్చుకోవటానికి సైకిలు చాలు.

చేసి చూడండి

1. సైకిలు ముందు చక్రాన్ని తడిపి, గళ్ళ కాగితం మీద నిలబెట్టి, మిత్రుణ్ణి సీటు మీద కూర్చోబెట్టండి. చక్రం ఎత్తి తడి మచ్చ ఎన్ని గళ్ళు ఆక్రమించిందో లెక్కపెట్టండి. కొంచెం గాలి తీసి మళ్ళీ చేయండి. మచ్చ పెరిగిందా?

2. రెండు గాజు గ్లాసుల్లో ఒకదానిలో పొడి రేగడి పొడుమును, రెండవదానిలో పొడి ఇసుకను సగం దాకా పోసి గీత పెట్టండి. నిండా నీరు పోసి ఒక రోజు ఉంచండి. ఏది గీత దాటి పెరిగింది? ఎందుకు?